ప్యాకెట్‌ని వెనక్కి తిప్పి చూడండి

లేబుల్స్ మీద మీ ప్రశ్నలు పంపమంటే చాలానే వచ్చాయి. ఎక్కువమంది అడిగినవే ఇక్కడ తీసుకున్నా.

ప్రశ్న: ప్యాకెట్ వెనకాల సన్న అక్షరాల్లో ఏదేదో రాస్తారు, కళ్ళద్దాలు పెట్టుకున్నా కనపడవు. బ్రాండ్ మంచిదైతే చాలు కదా మేడం, అవన్నీ చదవాలా?

జవాబు: చదవాలండి. లోపల ఏముందో తయారుచేసినవాళ్ళకి తెలుసు, మనకి తెలీదు, సీల్ తీసేదాకా వస్తువే కనపడదు, తీశాక కూడా అందులో ఏం కలిపారో కంటికీ నాలుకకీ అందదు, కానీ డబ్బు పెట్టేది మనమే, తినేదీ ఒంటికి రాసుకునేదీ మనమే. ఈ తేడాని కొంతైనా తగ్గించడానికే లేబుల్ పుట్టింది. ప్యాకెట్ ముందు వైపు ఉండేది ఎక్కువగా కంపెనీ తన గురించి తను చెప్పుకునేది, వెనకాల ఉండేది చాలావరకు చట్టం దాని చేత చెప్పించింది. అందుకే నేను మొదట వెనక వైపే చూడమంటాను, బ్రాండ్ ఎంత పెద్దదైనా సరే.

ఆహారం సంగతికొస్తే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) కలిసి నడిపే, ఆహార ప్రమాణాలు నిర్ణయించే కోడెక్స్ కమిషన్ 1963 నుంచి పనిచేస్తోంది, ప్యాకేజ్డ్ ఫుడ్ లేబుల్ మీద ఏమేం ఉండాలో 1985లో ఒక స్టాండర్డ్ తెచ్చింది, తర్వాత చాలాసార్లు మార్చారు కూడా. వస్తువు పేరు, అందులో వాడినవి, నికర బరువు, తయారీదారు చిరునామా, తేదీ, ఎలా నిల్వ చేయాలి, లాట్ నంబర్, ఇవన్నీ అందులోవే. దేశదేశానికి చట్టాలు వేరైనా చాలాచోట్ల పునాది ఇదే.

వీటిలో ఎవరూ పట్టించుకోనిది లాట్ నంబర్, అదే మనం బ్యాచ్ నంబర్ అంటాం. ఏదైనా ఒక రోజు తయారైన సరుకులో గాజు ముక్కో బ్యాక్టీరియానో ఉందని తేలితే కంపెనీ వెనక్కి తీసుకునేది ఆ బ్యాచ్‌నే, మీ ఇంట్లో ఉన్నది అదేనా కాదా అని చెప్పేది ఆ నంబర్ ఒక్కటే. కాబట్టి ప్యాకెట్ తెచ్చిన వెంటనే డబ్బాలో పోసేసి కవర్ పారేయకండి, సరుకు అయిపోయేదాకా ఆ కవర్ ముక్కనో దాని ఫోటోనో ఉంచుకోండి.

ప్రశ్న: మా పిల్లల కోసం చక్కెర తక్కువున్న బిస్కెట్లు వెతుకుతున్నా. లిస్టులో షుగర్ నాలుగో ఐదో పేరుగా ఉంటే తక్కువున్నట్టేనా?

జవాబు: అక్కడే జాగ్రత్తగా చూడాలండి. ఇంగ్రీడియంట్స్ లిస్టులో బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాస్తారు, కాబట్టి మొదటి మూడు పేర్లు చూస్తే అసలు వస్తువేంటో దాదాపు తెలిసిపోతుంది. కానీ చక్కెరని ఒకే పేరుతో కాకుండా గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, ఇన్వర్ట్ సిరప్, జ్యూస్ కాన్సంట్రేట్ అని నాలుగైదు రకాలుగా వాడితే ఒక్కోటి కొంచెం కొంచెమే కాబట్టి అన్నీ లిస్టులో కిందకి పోతాయి, కలిపి చూస్తే మాత్రం పిండితో సమానంగా ఉన్నా ఉండొచ్చు. అందుకే పేర్లతో ఆగకుండా న్యూట్రిషన్ టేబుల్‌లో 100 గ్రాములకి చక్కెర ఎంత అన్న లైన్ చూడండి.

100 గ్రాములకి అని ఎందుకంటున్నానంటే, సర్వింగ్, అంటే ఒకసారి తినేంత, ఆ లెక్కతో చూస్తే పోల్చలేం. ఒక కంపెనీ సర్వింగ్ అంటే రెండు బిస్కెట్లంటుంది, ఇంకోటి నాలుగంటుంది, పిల్లాడు తినేది ఎనిమిది. అమెరికాలో అయితే ఒక సర్వింగ్‌కి గుండెకి చేటు చేసే ట్రాన్స్‌ఫ్యాట్ అనే కొవ్వు అర గ్రాము లోపుంటే సున్నా అని వేసుకోవచ్చు, మరి నాలుగు సర్వింగులు తిన్నవాళ్ళకి అది సున్నా కాదు కదా. ఉప్పు విషయంలో ఇంకో చిక్కు, చాలాచోట్ల సోడియం అని రాస్తారు, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో వస్తుంది. అంటే 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్ళు రోజుకి 5 గ్రాముల ఉప్పు కూడా దాటకూడదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తోంది.

ఈ లెక్కలన్నీ కొనేవాళ్ళ నెత్తిన వేయడం నాకైతే న్యాయంగా అనిపించదు. చిలీ దేశంలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు పరిమితి దాటిన ప్యాకెట్లకి ముందు వైపే నల్లటి ఎనిమిది మూలల గుర్తు వేయాల్సిందే, చదువు రానివాళ్ళకి కూడా అర్థమవుతుంది. నా ఉద్దేశంలో అన్ని దేశాల్లోనూ అలాగే ఉండాలి.

ప్రశ్న: మా బాబుకి వేరుశనగ పడదు. ఒకసారి చదివి బాగుందనుకున్న వస్తువునే మళ్ళీ మళ్ళీ కొంటున్నాను, సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా, దయచేసి ప్రతిసారీ చదువు. కంపెనీలు ఫార్ములా మారుస్తుంటాయి, ఫ్యాక్టరీ మారుస్తుంటాయి, పైన బొమ్మ మాత్రం అదే ఉంటుంది. అలర్జీ ఉన్నవాళ్ళకి చిటికెడు కూడా ప్రాణం మీదకి తేవచ్చు, వాళ్ళకి లేబుల్ మందుచీటీ లాంటిదే. యూరప్‌లో 14 రకాల అలర్జీ పదార్థాలని లిస్టులో విడిగా కనపడేలా ముద్రించాలి, అమెరికాలో 2023 నుంచి నువ్వులని కూడా అలాంటి లిస్టులో చేర్చారు. ఇంక "ఆనవాళ్ళు ఉండవచ్చు" అని కింద ఒక లైన్ ఉంటుంది చూడు, చాలా దేశాల్లో అది కంపెనీ తనంతట తను రాసేది, కాబట్టి ఆ లైన్ లేదంటే అసలు లేనట్టే అని ధీమాగా ఉండకు, అనుమానముంటే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడుగు. ఆ లైన్ ఉంటే మాత్రం ఆ వస్తువు వద్దు.

ప్రశ్న: ఎక్స్‌పైరీ, బెస్ట్ బిఫోర్ రెండూ ఒకటేనా?

జవాబు: కాదండి. బెస్ట్ బిఫోర్ అంటే రుచీ కరకరా ఆ తేదీ దాకా బాగుంటాయని, దాటిన మర్నాడే విషమైపోదు. యూజ్ బై అనో ఎక్స్‌పైరీ అనో ఉంటే అది భద్రతకి సంబంధించింది, వాసన బాగానే ఉన్నా వాడకండి. రెండు తేదీలూ సీల్ తీయని, చెప్పినట్టు నిల్వ చేసిన ప్యాకెట్‌కే. క్రీములూ లోషన్ల మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 12ఎం అని ఉంటే మూత తీశాక 12 నెలలని అర్థం.

ప్రశ్న: టూత్‌పేస్ట్ ట్యూబ్ కింద ఆకుపచ్చ గీత ఉంటే సహజం, నలుపు ఉంటే కెమికల్ అని వాట్సాప్‌లో వచ్చింది. బార్‌కోడ్ మొదటి అంకెలు చూస్తే ఏ దేశంలో తయారైందో తెలుస్తుందంట కదా?

జవాబు: రెండూ నిజం కాదు. ఆ రంగు గీత ట్యూబ్‌ని ఎక్కడ కోయాలో మెషీన్‌లోని సెన్సార్‌కి చెప్పే గుర్తు, లోపలి పేస్టుకి దానితో సంబంధం లేదు. బార్‌కోడ్ మొదటి అంకెలు ఆ నంబర్ ఏ దేశపు జీఎస్1 (బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే సంస్థ) శాఖ ఇచ్చిందో చెప్తాయి అంతే, వస్తువు ఇంకెక్కడైనా తయారై ఉండొచ్చు. తయారైన దేశం పేరు లేబుల్ మీద మాటల్లో ఉందేమో చూసుకోండి. ఇలాంటి ఫార్వర్డ్‌లు నమ్మి గీతలు వెతుక్కుంటూ అసలు లిస్టు చదవడం మానేస్తున్నారు, నాకు బాధ కలిగించేది అదే.

ప్రశ్న: తిండి సరే, మందులకీ ఫినాయిల్‌కీ కూడా లేబుల్ చూడాలా?

జవాబు: అక్కడ ఇంకా ఎక్కువ చూడాలండి. జ్వరం మాత్రకి ఒక బ్రాండ్ పేరు, జలుబు మాత్రకి ఇంకో పేరు, కానీ చాలావాటిలో లోపలున్న మందు పారాసిటమాలే, తెలీక రెండూ వేసుకుంటే డోసు రెట్టింపై లివర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. స్ట్రిప్ మీద బ్రాండ్ కింద చిన్నగా ఉండే అసలు మందు పేరు చదివితే ఈ పొరపాటు జరగదు.

కొన్ని క్లీనర్ల సీసాల మీద ఎర్ర అంచున్న డైమండ్ గుర్తులుంటాయి, మంట బొమ్మ అంటే అంటుకుంటుందని, పుర్రె బొమ్మ అంటే విషమని, చెయ్యి కాలుతున్న బొమ్మ అంటే చర్మాన్ని తినేస్తుందని. బ్లీచ్ మీద వేరే క్లీనర్లతో కలపొద్దని రాసేది ఊరికే కాదు, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఇంకోటి, యాసిడో కిరోసినో పెద్ద డబ్బాలోంచి కూల్‌డ్రింక్ బాటిల్లో పోసుకోవడం అస్సలు వద్దు, అది పిల్లల కంటికి కూల్‌డ్రింకే. ఎవరైనా పొరపాటున తాగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, లేబుల్ ఉన్న అసలు సీసాని చేత్తో పట్టుకుని హాస్పిటల్‌కి వెళ్ళండి, డాక్టర్ మొదట అడిగే ప్రశ్న ఏం తాగారు అనే.