పిట్ట ప్రాణం జీవోలోకి ఎక్కాలంటే

చిరంజీవి స్వప్నకు మామయ్య ఆశీస్సులు.

భవనాల అద్దాలకు గుద్దుకుని చచ్చిపోతున్న పిట్టల గురించి నువ్వు పంపిన అర్జీ చదివాను. బాగా రాశావు, మీ అత్తయ్య చదివి కళ్లు తుడుచుకుంది కూడా. కానీ ఆ కాగితం టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కి చేరాక ఏమవుతుందో అక్కడే పనిచేసి రిటైరైన నాకు తెలుసు. "పక్షులను కాపాడవలసిందిగా మనవి" అని కనిపించగానే ఇది మా పని కాదని అటవీ శాఖకు పంపేస్తారు. భవనాల అనుమతులు మా పరిధిలో లేవని వాళ్లు తిప్పి పంపుతారు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఫైలు మాత్రం మూతపడుతుంది.

అందుకే ఆ మూడు పేజీలు పక్కన పెట్టి ఒక క్లాజు రాయి. మన తెలంగాణలో భవన నిర్మాణ నియమాలంటే ప్రధానంగా 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన దాన్నే సవరణలతో ఇప్పటికీ నడుపుతున్నాం. సెట్‌బ్యాకులు, పార్కింగ్, ఇంకుడు గుంత, చెట్లు అన్నీ ఉన్నాయి అందులో. అద్దానికి పిట్ట గుద్దుకోకుండా చూడాలన్న మాట మాత్రం లేదు. ఆ మాట చేర్చడానికి అసెంబ్లీలో బిల్లు అక్కర్లేదు, పురపాలక శాఖ సవరణ జీవో ఇస్తే చాలు. ఒకసారి కూర్చుని జీవో మొత్తం చదువు. నిద్రొస్తుంది, అయినా చదువు. నీ క్లాజు ఎక్కడ, ఏ రూలు కింద అతుకుతుందో చూపించగలిగితే అవతలి మనిషికి సగం పని తగ్గుతుంది. పని తగ్గించిన వాళ్ల కాగితమే ముందు కదులుతుంది.

క్లాజు టేపు పెట్టి కొలిచేలా ఉండాలి. న్యూయార్క్ నగరం 2019 డిసెంబరులో ఇలాంటి చట్టం చేసింది, 2021 జనవరి నుంచి అమల్లో ఉంది. కొత్త కట్టడాల్లో నేల నుంచి 75 అడుగుల ఎత్తు దాకా ఉన్న బయటి అద్దంలో కనీసం 90 శాతం పిట్ట కంటికి ఆనేలా ఉండాలన్నది దాని సారం. 75 అడుగులే ఎందుకంటే చెట్లు పెరిగేది, పిట్టలు తిరిగేది ఎక్కువగా ఆ ఎత్తులోపే. ఇలాంటి కొలత ఉంటే సైటుకు వెళ్లిన ఏసీపీ, అంటే అసిస్టెంట్ సిటీ ప్లానర్, ఉందో లేదో చెప్పగలడు. నువ్వు రాసినట్టు "పక్షి స్నేహపూర్వక భవనం" అంటే ఎవరి స్నేహం వాళ్లది, బిల్డర్ నాలుగు కుండీలు పెట్టి ఫొటో తీసి పంపిస్తాడు.

రెండో కొలత గుర్తులది. చుక్కలైనా, గీతలైనా అద్దం బయటి వైపే ఉండాలి, వాటి మధ్య సందు రెండంగుళాలు దాటకూడదు. లోపలి వైపు అంటిస్తే బయటి ప్రతిబింబం వాటిని మింగేస్తుంది. సందు పెద్దదైతే చిన్న పిట్టలు అందులోంచి దూరిపోవచ్చనుకుంటాయి. అద్దం మధ్యలో ఒక గద్ద బొమ్మ అంటించి చేతులు దులుపుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. పిట్ట ఆ గద్దను తప్పించుకుని పక్కనున్న అద్దానికి తగులుతుంది. బాల్కనీలకు పెట్టే గాజు రెయిలింగులు, రెండు వైపులా అద్దం ఉండి అవతలి చెట్టు కనిపించే మూలలు కూడా క్లాజులో పేరు పెట్టి రాయి. మన గేటెడ్ కమ్యూనిటీల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా అవే.

ఇక సాక్ష్యం. దీని మీదే నువ్వు ఎక్కువ కష్టపడాలి. "మా దగ్గర పిట్టలు చావవు సార్" అని మీ ఫెసిలిటీస్ మేనేజర్ అంటే అతను అబద్ధం చెబుతున్నాడని అనుకోకు. మీరంతా ఆఫీసుకు వచ్చేది తొమ్మిది దాటాక. అప్పటికి ఊడ్చే అక్కలు అంతా ఎత్తేసి ఉంటారు, వాళ్లకంటే ముందే పిల్లులూ కాకులూ తిరిగి ఉంటాయి. కాబట్టి ముందు ఆ అక్కలతో పరిచయం చేసుకో. మేనేజర్ కంటే వాళ్లకే ఎక్కువ తెలుసు, ఏ వైపు అద్దం కింద పడతాయో చీపురు పట్టినవాళ్లకే తెలుస్తుంది. తర్వాత రెండు వలస కాలాలు, అంటే అక్టోబరు, నవంబరుల్లోనూ మళ్లీ ఏప్రిల్, మే నెలల్లోనూ, తెల్లవారగానే భవనం చుట్టూ ఒక రౌండు వెయ్యండి. వంతులు వేసుకోండి, ఒక్కదానివే మోస్తే నెలకే విసుగొస్తుంది. పిట్ట ఏమీ దొరకని రోజు కూడా రాయాలి. సున్నాలు లేని లెక్కను ఎవరూ నమ్మరు.

ఒక్కోసారి పిట్ట ఉండదు, అద్దం మీద దాని అచ్చు ఉంటుంది. గువ్వలూ పావురాల ఈకల మీద సన్నటి పొడి ఉంటుంది కదా, గుద్దుకున్నప్పుడు అదంతా అద్దానికి అంటుకుపోతుంది. ఎండ ఏటవాలుగా పడే వేళ పక్క నుంచి చూడు, విప్పిన రెక్కలు, తల తిప్పిన వైపు, ఒక్కో ఈక అంచు కూడా తెలుస్తాయి. దాన్ని ఫొటో తీసి అర్జీ మొదటి పేజీలో పెట్టు. నీ మూడు పేజీలు చేయలేని పని అది చేస్తుంది. ప్రతి ఫొటోతో పాటు తేదీ, సమయం, ఏ దిక్కు గోడ, ఆ అద్దంలో ఏం ప్రతిబింబిస్తోంది అన్నవి రాసుకో. నవరంగ్ అని హిందీలో పిలిచే రంగురంగుల పిట్ట ఉందే, అది రాత్రిళ్లు ప్రయాణం చేస్తూ మన ఊరి మీదుగా వెళ్తుంది, అది దొరికితే ప్రత్యేకంగా రాయి. చచ్చిన పిట్టనో, ఈకలనో దాచి పెట్టకు, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. బతికున్నదైతే గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి మూసి, చీకట్లో కాసేపు వదిలెయ్. నోట్లో నీళ్లు పొయ్యకు. తేరుకుంటే చెట్ల దగ్గర వదులు, లేకపోతే పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

ఇప్పుడు నీకు ఎదురొచ్చే మాటలు. మొదటిది పావురాల గురించి వస్తుంది, నవ్వకు. "ఇప్పటికే పావురాలతో చస్తున్నాం, వల కట్టించడానికి వేలు పోశాం, మళ్లీ పిట్టల కోసం రూలా?" అంటారు. వాళ్ల బాధ నిజమైందే. పావురాలకు గింజలు వెయ్యమని మేం అడగడం లేదని ముందే ఒక వాక్యం రాసి పెట్టు. కుదిరితే బాల్కనీ ముందు కట్టిన ఆ వల కూడా పిట్టను అద్దం దాకా రానివ్వదని చెప్పు, వింటారు.

రెండోది ఖర్చు. పాత భవనాలను నీ అర్జీలోంచి తీసెయ్. వాటిని చేర్చావా, ఓనర్ల సంఘాలన్నీ నీ మీదికొస్తాయి. ప్లాను దశలో గోటితో పోయేది, కట్టాక గొడ్డలి దాకా వస్తుంది. కొత్త అనుమతులకే అడుగు, అదీ జీవో వచ్చిన ఏడాది తర్వాత నుంచి అను. అసలు వాస్తు కోసం కట్టిన గోడ పడగొట్టే ఊరిది, అద్దం మీద చుక్కలకు ఖర్చంటే నాకు నవ్వొస్తుంది. కానీ అది అర్జీలో రాయకు.

మూడోది వేడి. ఇక్కడ జాగ్రత్త. ఇంధన పొదుపు కోడ్, అదే ఈసీబీసీ, మామూలు పద్ధతిలో గోడలో కిటికీల వాటా 40 శాతం మించొద్దంటుంది. అద్దం తగ్గితే ఏసీ బిల్లూ తగ్గుతుంది, పిట్టలూ బతుకుతాయి, కాబట్టి ఆ విభాగం వాళ్లు నీకు చుట్టాలే. కాకపోతే వేడి తగ్గించడానికని అద్దంలా మెరిసే నీలం గాజు వేస్తారు చూడు, దానిలో దుర్గం చెరువు గట్టు మీది చెట్లన్నీ అచ్చం చెట్లలాగే కనిపిస్తాయి. వాళ్లతో మాట్లాడేటప్పుడు బయట నీడనిచ్చే పలకలూ, గోడలా నిలిపే చిల్లుల జాలీలూ అడుగు, మెరిసే గాజును ఒప్పుకోకు.

జాలీ అంటే విదేశీ పైత్యం అని ఎవరూ అనలేరు. సంతోష్‌నగర్ దగ్గర పైగా సమాధులకు అధికారులను ఒక ఆదివారం తీసుకెళ్లు, ఆ గచ్చు జాలీల ముందు నిలబెట్టి మాట్లాడు. పాతకాలం ముచ్చట్లు వద్దంటే కొండాపూర్ వైపు సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2004లో మొదలైన ఆ భవనం అమెరికా బయట లీడ్ (పర్యావరణహిత భవనాలకిచ్చే అమెరికా రేటింగు) ప్లాటినం తెచ్చుకున్న మొదటిది, దానికీ జాలీ గోడలున్నాయి. మన దేశంలో అలాంటి రేటింగులిచ్చే ఐజీబీసీ వాళ్ల ఆఫీసు కూడా అక్కడే. వాళ్ల రేటింగుల్లో పిట్టల అద్దానికి ఒక పాయింటు పెట్టమని విడిగా ఉత్తరం రాయి. లీడ్‌లో 2011 నుంచే ప్రయోగాత్మకంగా అలాంటిది ఉంది. రూలు రావడానికి ఏళ్లు పట్టినా, రేటింగు కోసం బిల్డర్లు తమంతట తామే చేస్తారు, రేపు జీవోకు అదే దారి చూపిస్తుంది.

అమెరికా ఉదాహరణలు గుప్పించకు, ఒక్కటి చాలు. షికాగోలో సరస్సు ఒడ్డున మెకార్మిక్ ప్లేస్ అనే పెద్ద ప్రదర్శనశాల ఉంది. 2023 అక్టోబరు 5న అక్కడ దాదాపు వెయ్యి పిట్టలు అద్దాలకు కొట్టుకుని చచ్చాయి. మరుసటి ఏడాది చుక్కల ఫిల్ము అతికించాక చావులు 95 శాతం దాకా తగ్గాయి. అధికారులకు కావాల్సింది ఈ రెండో వాక్యం. అలాగే ఒక్క ఆకాశహర్మ్యాల మీదే విరుచుకుపడకు. అమెరికాలో ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల పిట్టలు అద్దాలకు బలవుతున్నాయని 2014లో అంచనా వేసినప్పుడు, బాగా ఎత్తైన భవనాల వాటా ఒక శాతం కూడా రాలేదు. మిగతాదంతా ఇళ్లు, తక్కువ అంతస్తుల కట్టడాలు. అయినా వంద గజాల ఇంటివాళ్లను మనం వదిలేద్దాం. వాళ్లకుండేది నాలుగు కిటికీలు, బయటి వైపు దోమల జాలీ కొట్టించుకుంటే సరిపోతుంది.

రాత్రి దీపాలు ఆర్పించే సంగతి దీనిలో కలపకు, అది వేరే అర్జీ.

అనుమతులన్నీ ఇప్పుడు ఆన్‌లైన్, టీఎస్-బీపాస్ పోయి బిల్డ్‌నౌ వచ్చింది. కాబట్టి క్లాజు చివర "ఆర్కిటెక్టు ధ్రువీకరించాలి, ఓసీ (నివాసయోగ్య పత్రం) ఇచ్చే ముందు తనిఖీ చేయాలి" అన్న ముక్క తప్పకుండా ఉండాలి. అది లేకపోతే రూలు పుస్తకంలోనే ఉండిపోతుంది.

ముందు పురపాలక శాఖ కార్యదర్శికి ఒకటి, జీహెచ్‌ఎంసీ చీఫ్ సిటీ ప్లానర్‌కు ఒకటి, హెచ్‌ఎండీఏ కమిషనర్‌కు ఒకటి ఇవ్వు. సోమవారం ప్రజావాణిలో కూడా ఇవ్వు, ఇన్‌వర్డ్ నంబరు చేతికి రాకుండా అక్కణ్నుంచి కదలకు. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే ఆర్టీఐలో ఆ నంబరు వేసి "నా అర్జీ మీద తీసుకున్న చర్య, నోట్‌ఫైల్ నకలు" అడుగు. కోపంగా రాయకు, అంతే అడుగు. క్లాజు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఆదివారం లోపు నాకు పంపు, ఎర్ర సిరాతో దిద్ది ఇస్తాను.

మీ మామయ్య