అత్తమ్మను మళ్లీ గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టండి

ప్రశ్న: మా అత్తమ్మకు 69 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా జనగామలో కిరాణా దుకాణం నడిపింది. ఏడాది నుంచి మతిమరుపు. ఒకరి ఉద్దెర ఇంకొకరి పేరున రాస్తోంది, చిల్లర తప్పు ఇస్తోంది. అల్జీమర్స్ తొలిదశ అన్నారు, మాత్రలు వాడుతున్నాం. దుకాణంలో కూర్చోవద్దని చెప్పాం. జ్ఞాపకశక్తి కోసం ఫోన్‌లో ఆటలు పెడితే విసిరికొడుతోంది. థెరపీతో ఏమైనా ఉపయోగం ఉంటుందా?
– ఒక కోడలు, జనగామ

జవాబు: ఉంటుందమ్మా. అయితే ఆ ఆటలు పక్కన పెట్టేయండి. ఆట ఆడగా ఆడగా ఆటలో చెయ్యి తిరుగుతుంది కానీ, చిల్లర లెక్కకు అది పెద్దగా అక్కరకు రాదు. జీవితమంతా బేరాలు చూసిన మనిషికి బొమ్మలు జతచేయమంటే కోపం రాదా?

ముందు ఆమె చెవులు పరీక్ష చేయించండి. పేరు సరిగా వినపడకపోయినా ఒకరి ఉద్దెర మరొకరి ఖాతాలోకి పోతుంది. బి12, థైరాయిడ్, షుగర్, బీపీ కూడా చూపించండి. నిద్రమాత్రలు, జలుబు మాత్రలు వేసుకుంటుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. వాటిలో కొన్ని మతిమరుపును పెంచుతాయి.

తర్వాత ఆమెనే అడగండి, 'నీకు మళ్లీ ఏ పని చేతనైతే బాగుంటుంది?' అని. మా ఆక్యుపేషనల్ థెరపీలో, అంటే రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాయపడే చికిత్సలో, నేను మొదలుపెట్టేది ఈ ప్రశ్నతోనే. బ్రిటన్‌లో పరిశోధకురాలు లిండా క్లేర్ బృందం డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) తొలిదశలో ఉన్న 475 మందితో ఇలాంటి పద్ధతినే పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించింది. ఎవరికి కావలసిన పని వాళ్లే ఎంచుకున్నారు, థెరపిస్టు ఇంటికొచ్చి నేర్పారు. ఎంచుకున్న పనుల్లో వాళ్లు స్పష్టంగా మెరుగయ్యారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మార్కులు మాత్రం పెరగలేదు. జబ్బు ఆగదమ్మా, మీకు అబద్ధం చెప్పను. చేతిలో ఉన్న పని జారిపోకుండా కొంతకాలం నిలుపుకోవచ్చు. ఆమెకు అదే పెద్ద సంగతి.

మీ అత్తమ్మ దుకాణమే అంటుందని నా నమ్మకం. పొద్దున పాలకూ బ్రెడ్డుకూ తెలిసినవాళ్లు వచ్చే వేళ ఒక గంట కూర్చోనివ్వండి. పక్కన ఒకరుండాలి. సాయంత్రం వద్దు, పొద్దుగూకే వేళ ఇలాంటివారికి చికాకు ఎక్కువ, పైగా దుకాణంలో రద్దీ.

ఉద్దెర పుస్తకంలో ఇంటికో పేజీ ఇచ్చి, పైన ఆ ఇంటివాళ్ల ఫొటో అంటించండి. రాసింది వెంటనే పైకి చదివించండి. గల్లాపెట్టెలో ఏ నోటు అర మీద ఆ నోటు విలువ పెద్ద అంకెతో రాయండి. డబ్బాలు మాత్రం కదపకండి. పప్పుల వరుస ఆమె చేతులకు తెలుసు, ఆ వరుస మారితే నష్టం ఆమెకే.

ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి. 'ఇతనెవరో చెప్పు చూద్దాం' అని పరీక్ష పెట్టకండి. ఊహించి తప్పు చెబితే ఆ తప్పే మనసులో నాటుకుంటుంది. మీరే ముందు చెప్పండి, 'ఈయన మేస్త్రీ ఎల్లయ్య' అని. నిమిషం ఆగి అడగండి, తర్వాత మూడు నిమిషాలకు, ఆపైన అయిదు నిమిషాలకు. తడబడితే వెంటనే అందించి, మళ్లీ తక్కువ వ్యవధి నుంచి మొదలుపెట్టండి.

రోజూ పదో ఇరవయ్యో పోవచ్చు. పోనివ్వండి, మందుల ఖర్చులో రాసుకోండి. కొన్నాళ్లకు ఖాతా రాయడం చేతకాకపోతే పొట్లాలు కట్టడం, అదీ కష్టమైతే పప్పు ఏరడం అప్పగించండి. పని చిన్నదవుతుంది, దుకాణం మాత్రం ఆమెదే.

మీరు అడగని మాట ఒకటి ఉంది. దుకాణం ఎవరికి, బ్యాంకు ఖాతా, చిట్టీలు ఎవరు చూడాలి, రేపు మంచాన పడితే వైద్యం ఎలా జరగాలి అన్నవి ఈ నెలలోనే ఆమె ఎదుట కూర్చుని మాట్లాడండి. ఇప్పుడైతే తన మాట తానే చెప్పగలదు.