బటర్‌ఫింగర్స్ అంటే వెన్నలాంటి చేతులని మెచ్చుకోవడం కాదు

ఆఫీసులో కాఫీ కప్పు జారవిడిస్తే మీ టీమ్ లీడ్ నవ్వుతూ ‘బటర్‌ఫింగర్స్’ అన్నారనీ, అది తిట్టా కాదా, ‘క్లమ్‌జీ’ అన్నా ఇదేనా అనీ కదా మీరు అడిగింది.

తిట్టు కాదు, వెక్కిరింత. మీరు నయం, అర్థం అడుగుతున్నారు. నేనైతే థాంక్స్ చెప్పాను.

తిరుపతిలో డిగ్రీ చదివే రోజులు. సాయంత్రాలు యూనివర్సిటీ గ్రౌండులో ఆడేవాళ్లం, టెన్నిస్ బాలుకు ఇన్సులేషన్ టేపు చుట్టి. ఆ రోజు బౌలింగ్ వేస్తున్నది చెన్నై నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక సీనియర్ అన్న. బంతి బాగా పైకి లేచి నేరుగా నా దగ్గరికే వచ్చింది. రెండు చేతుల్లో పడింది, కుదురుకుంది అనుకునేలోపే బొటనవేళ్ల మధ్యలోంచి జారి, మోకాలికి తగిలి కిందపడింది. అన్న నడుం మీద చేతులు పెట్టుకుని ‘బటర్‌ఫింగర్స్!’ అని అరిచాడు. పాపం, క్యాచ్ పోయినా నా చేతులు మెత్తనివని ఓదారుస్తున్నాడనుకుని ‘థాంక్స్ అన్నా’ అన్నాను. గ్రౌండంతా నవ్వింది. నాకు ఎందుకో అర్థం కావడానికి హాస్టలు దాకా నడవాల్సి వచ్చింది.

ఆ తప్పు నాది కాదని ఇప్పటికీ వాదిస్తాను. మనకు వెన్న అంటే మెత్తదనం. వెన్నలాంటి మనసు అంటే పొగడ్త. ఇంగ్లిష్‌వాళ్లు ఈ మాటలో చూసింది వెన్నలోని జిడ్డును. వేళ్లకు వెన్న అంటుకుంటే ఏ వస్తువూ నిలవదు, అంతే. మా అవ్వ చెంబు జారవిడిచినవాళ్లను ‘చేతికి నూనె పూసుకోనుండావా?’ అని అడిగేది. అచ్చం అదే మాట. ఆ రోజు అన్న తెలుగులో ఇలా అనుంటే నాకు పరువు దక్కేది.

ఈ మాట పుట్టింది కూడా క్రికెట్‌లో కాదు, వంటింటి వైపు నుంచే వచ్చినట్టుంది. 1615లో జెర్వేస్ మార్కమ్ అనే ఆయన ఇంగ్లండు ఇల్లాళ్ల కోసం రాసిన పుస్తకంలో, వంట చేసే మనిషి ‘వెన్న వేళ్ల’ది కాకూడదంటాడు. చార్లెస్ డికెన్స్ 1836-37లో విడతలుగా రాసిన పిక్విక్ పేపర్స్ నాటికి అది క్రికెట్ మైదానం చేరింది. అందులో క్యాచ్ వదిలేసినవాళ్లను ఒక పాత్ర ఇదే మాటతో ఆటపట్టిస్తుంది. ఇంకో సంగతి, చివర ‘స్’ ఉన్నా ఇది ఒక్క మనిషికే వాడతారు. ‘హి ఈజ్ ఎ బటర్‌ఫింగర్స్’ అంటారు. వినడానికి వింతగా ఉన్నా తప్పు కాదు.

ఇక క్లమ్‌జీ. అక్షరాల్లో ‘ఎస్’ ఉన్నా ‘జ’ పలకాలి. దీనికి ‘మోటు’ అని అర్థం చెప్పి వదిలేస్తే సరిపోదు. నా లెక్కలో దీనికి దగ్గరి తెలుగు ‘ఒడుపు లేకపోవడం’. బటర్‌ఫింగర్స్ అనాలంటే ఏదో ఒకటి కింద పడాలి. క్లమ్‌జీకి ఆ అవసరం లేదు.

ఒకసారి ధనుర్మాసంలో పెద్దమ్మతో అలిపిరి నుంచి మెట్లెక్కి తిరుమలకు పోయాం. 3,550 మెట్లు, ఎక్కేటప్పుడు ఒకటే చెమట. పైకి చేరి తెల్లవారుజామున పుష్కరిణిలో మునిగి లేచేసరికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. చొక్కా తొడుక్కున్నాను గానీ గుండీ పట్టదే! వేళ్లకు గుండీ తగులుతోంది, కాజాలోకి మాత్రం పోవడం లేదు. రెండు మూడుసార్లు చూసి పెద్దమ్మ ‘చేతులు కొంకర్లు పోయినాయి గదరా, ఇట్ల రా’ అని చిన్నపిల్లాడికి పెట్టినట్టు పెట్టింది. చాలా ఏళ్ల తర్వాత నిఘంటువులో క్లమ్‌జీ పుట్టుక చూస్తే, మధ్యయుగాల ఇంగ్లిష్‌లో చలికి చేతులు మొద్దుబారడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందని ఉంది. అంటే కొంకర్లే! పదహారో శతాబ్దం చివరికల్లా చలి సంగతి మరిచిపోయి, ఒడుపు లేని మనిషికి వాడటం మొదలుపెట్టారు.

అన్నట్టు, ‘మొద్దు’ అనే మన తిట్టుకు ఇంగ్లిష్‌లో అన్నదమ్ముడున్నాడు, ‘క్లట్స్’. అమెరికావాళ్లు వాడతారు. యిడ్డిష్ భాషలో చెక్క దుంగ అని దాని అర్థం. కాకపోతే మనం మొద్దు అనేది బుర్రను, వాళ్లు అనేది ఒంటిని. తలుపుకు గుద్దుకునేవాడు, తన కాలు తనకే అడ్డం పడేవాడు క్లట్స్. లెక్కల్లో ఫస్ట్ వచ్చేవాడు కూడా క్లట్స్ కావచ్చు.

ఇక వాడకం. బటర్‌ఫింగర్స్ సరదా మాట, చనువున్న చోటే బాగుంటుంది. మీ లీడ్ మీతో అనవచ్చు, మీరు మీ లీడ్‌తో అనడం గురించి మాత్రం ఆలోచించుకోండి. క్లమ్‌జీ అలా కాదు, కాస్త గుచ్చుకుంటుంది. పైగా మనుషులకే పరిమితం కాదు. నేను రాసిన ఒక మెయిల్‌ను మేనేజరు ‘క్లమ్‌జీ’ అన్నప్పుడు, నేనేమీ కింద పడెయ్యలేదే అని తెగ బాధపడ్డాను. అతుకులబొంతలా, చదువుతుంటే తడబడేలా ఉందని ఆయన ఉద్దేశం. మళ్లీ చదివితే నిజమే అనిపించింది. అడ్డదిడ్డంగా అడిగిన క్షమాపణ కూడా క్లమ్‌జీయే.

ఒక్క జాగ్రత్త. ఇవన్నీ చేతుల సంగతే కదా అని ఇంట్లో చెప్పేటప్పుడు ‘నాది చేతివాటం సమస్య’ అని తెలుగు చేసేరు. మా తిరుపతి అంగళ్లలో ‘వాడికి చేతివాటం ఉంది’ అంటే గల్లాపెట్టె మీద ఓ కన్నేసి ఉంచమని.