సంఘం సొమ్ము ఎక్కడెక్కడ ఉందో సభ్యులే తేల్చుకోవచ్చు

ప్రశ్న: మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. పన్నెండు మందిమి డ్వాక్రా సంఘంలో ఐదేళ్లుగా నెలకు 200 రూపాయల చొప్పున పొదుపు చేస్తున్నాం. బ్యాంకు అప్పు లేదు; పొదుపునే రూపాయి వడ్డీకి మాలో మేము ఇచ్చుకుంటున్నాం. పుస్తకాలు ఒక్కరే రాస్తారు, మేము సంతకాలు పెడతాం. లెక్క అడిగితే అనుమానించినట్లవుతుందని ఊరుకుంటున్నాం. పూతరేకుల కూలి లెక్క మాత్రం నోటితోనే వేసుకుంటాం. ఏం చేయాలి?

జవాబు: కూలి లెక్క నోటితో వేసుకోగలిగిన మీకు సంఘం లెక్క అందనిదేమీ కాదు. పన్నెండు మంది 200 చొప్పున కడితే నెలకు 2,400, ఏడాదికి 28,800, ఐదేళ్లకు 1,44,000 రూపాయలు. ఈ సొమ్ము మూడే చోట్ల ఉంటుంది: బ్యాంకు ఖాతాలో, చేతి నిల్వగా, సభ్యుల దగ్గర అప్పు బాకీల రూపంలో. ఎవరూ పొదుపు వెనక్కి తీసుకోకుండా, పెద్ద ఖర్చులేవీ లేకుండా ఉంటే, వడ్డీ, జరిమానాలు కలిసినందువల్ల ఆ మూడింటి మొత్తం 1,44,000 దాటి ఉండాలి. తక్కువైతే కారణం పుస్తకంలో కనిపించి తీరాలి.

వడ్డీ దగ్గర మరింత జాగ్రత్త అవసరం. 30,000 అప్పును నెలకు 3,000 అసలు చొప్పున పది నెలల్లో తీర్చే సభ్యురాలికి, తగ్గుతున్న బాకీ మీద రూపాయి వడ్డీ మొదటి నెల 300, రెండో నెల 270, ఆఖరి నెల 30, అన్నీ కలిపి 1,650 అవుతుంది. మొదటి అసలు మీదే ప్రతి నెలా 300 కట్టించుకుంటే 3,000 అవుతుంది. ఏ పద్ధతో తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయించండి, ఎందుకంటే ఆమె 3,000 కట్టి, పుస్తకంలో 1,650 మాత్రమే జమ పడితే, మిగిలిన 1,350 ఎవరి లెక్కలోనూ ఉండదు.

లెక్క అడగడం అవమానించడం కాదు. పదిమందీ సరిచూసిన పుస్తకం, రాసే ఆవిడకు కూడా రక్షణే. పొరపాటున ఒక సున్నా జారినా ఆ నెలలోనే దొరుకుతుంది. నా అనుభవంలో సంఘాలు చిక్కుల్లో పడేది ఎక్కువగా మోసం వల్ల కాదు, నెలల తరబడి ఎవరూ కూడి చూడని తప్పుల వల్ల.

వచ్చే సమావేశంలో సంతకాలకు ముందు బ్యాంకు పాసుపుస్తకం తెప్పించి, నిల్వ నగదు అందరి ఎదుట లెక్కపెట్టించండి. తర్వాత ప్రతి సభ్యురాలూ తన బాకీ ఎంతో తానే పైకి చెప్పి, తన పాసుపుస్తకంలోనూ సంఘం పుస్తకంలోనూ ఉన్న అంకెతో సరిచూసుకున్నాకే సంతకం పెట్టాలి.