పికాసోతో కాపురం చేసేదెవరు?

ప్రశ్న: మేడం, మాది నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న ఉప్పునీటి ట్యాంకు. ఎనిమిది నెలలుగా అందులో ఒక్క పికాసో ట్రిగ్గర్ చేపే తిరుగుతోంది. జానెడు కంటే కాస్త తక్కువుంటుంది. ఒంటరిగా ఉందని జాలేసి, ఒక లయన్ ఫిష్‌నీ, మా పాప అడుగుతున్న రెండు క్లౌన్ చేపల్నీ తెద్దామనుకుంటున్నాం. షాపతను అన్నీ కలిసిపోతాయంటున్నాడు. నమ్మొచ్చా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దండీ. ముందు ఆ జాలి సంగతి. మీ ట్రిగ్గర్ హాయిగానే ఉంది. సముద్రంలో కూడా అది తన రాళ్ల దగ్గరికి ఇంకొకర్ని రానివ్వదు. మా అత్తగారు మా ట్రిగ్గర్‌ని "కోడలి కంటే గడుసుది" అనేవారు, నా ఎదురుగానే.

క్లౌన్ చేపలు వేలెడంత. లయన్ ఫిష్ తన నోట్లో పట్టే దేన్నైనా మింగేస్తుంది, అది ఎదిగితే అడుగు దాటుతుంది. పాపకి వేరే చిన్న ట్యాంకు, 75 లీటర్లది, పెట్టి అందులో ఒక జంటని వదలండి.

ఇక లయన్‌కి విషపు ముళ్లున్నాయి కదా, ట్రిగ్గర్ భయపడుతుందిలే అని నేనూ అనుకున్నాను. సాయంత్రం వదిలితే విసనకర్రలా రెక్కలు విప్పుకుని ఓ మూల నిలబడింది. ట్రిగ్గర్ రెండు రోజులు ఊరికే చుట్టూ తిరిగింది. మూడో రోజు పొద్దున లైటు వేశాను కదా, రెక్కల మధ్య పొర అంతా పోయి చీపురుపుల్లల్లా ముళ్లే మిగిలాయి. మా గడుసుది రాయి సందులో దూరి, వెన్నుముల్లు లేపి బిగించుకుని, ఒక కన్ను తిప్పి నన్నే చూస్తోంది. లయన్ మెల్లగా కదిలే చేప, పారిపోదు. ముల్లు తగలకుండా అంచులు కొరుక్కు తినడం ట్రిగ్గర్‌కి బాగా తెలుసు. లయన్‌ని వేరే ట్యాంకులోకి మార్చాక రెక్కలు మళ్లీ వచ్చాయి. నా టెన్షన్ మాత్రం చాన్నాళ్లు తగ్గలేదు.

మీకు నేను చెప్పేది ఫాక్స్‌ఫేస్. పసుపు ఒళ్లు, నక్క మూతి. నాచు తింటుంది కాబట్టి ట్రిగ్గర్‌తో తిండి దగ్గర పోటీ తక్కువ. చురుగ్గా ఈదుతుంది, వెన్ను మీద విషపు ముళ్లూ ఉన్నాయి. భయపడితే ఒళ్లంతా మట్టి మరకలు తేలతాయి, జబ్బనుకుని మందులు పోయకండి. మీ ట్రిగ్గర్ కంటే కాస్త పెద్దదాన్నే తీసుకోండి. రెండోది కావాలంటే స్నోఫ్లేక్ ఈల్, పాములా పొడవుగా ఉండే చేప. ట్యాంకు మూత బిగుతుగా లేకపోతే తెల్లారేసరికి నేలమీద ఉంటుంది, అదొక్కటి చూసుకోండి. మీ 450 లీటర్లకి ఈ మూడూ చాలు. రొయ్యలు, పీతలు మాత్రం పెట్టకండి, ట్రిగ్గర్‌కీ ఈల్‌కీ అవి విందుభోజనమే.

ఎలా వదలాలన్నది ఇంకా ముఖ్యం. ట్యాంకంతా తనదేనని ఎనిమిది నెలలుగా నమ్ముతున్న చేప అది. కొత్తది వచ్చే రోజు రాళ్లన్నీ తీసి వేరేగా పేర్చండి. తన చిరునామా తనకే తెలియనప్పుడు కొట్లాట తగ్గుతుంది. కొత్త చేపని చిల్లుల ప్లాస్టిక్ డబ్బాలో వారం రోజులు అదే ట్యాంకులో ఉంచండి. ట్రిగ్గర్ డబ్బాని గుద్దడం మానేశాకే తెరవండి.

ఫాక్స్‌ఫేస్ ముల్లు గుచ్చుకుంటే చెయ్యి తట్టుకోగలిగినంత వేడినీళ్లలో ఉంచి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. పాపని ట్యాంకులో చెయ్యి పెట్టనివ్వకండి.

ప్రశ్న: ట్యాంకు బయట అద్దం పెడితే గొడవలు ఆగుతాయంటారు, నిజమేనా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మొదటి రెండు మూడు రోజులు పనికొస్తుంది. పాత చేప తన బింబంతో యుద్ధం చేస్తుంటే, కొత్తది ఈలోగా దాక్కునే చోటు చూసుకుంటుంది. నేను పాత డ్రెస్సింగ్ టేబుల్ అద్దం వాడాను. రాత్రిళ్లు తీసేయండి, ఆ చేపకీ నిద్ర కావాలి.