హ్యాండిల్ తిరిగి పడ్డాను, బిల్లు లేదు: సైకిల్ షాపు మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: వకీల్ సాబ్‌కు నమస్తే. మాది కాజీపేట. మా నాయన రైల్వే డ్యూటీకి తొక్కిన పాత స్టీలు సైకిల్‌ను కొత్తగా చేయించుకుందామని హన్మకొండలో ఒక షాపుకు ఇచ్చిన. నాకు నడుము నొప్పి ఉన్నది, వంగకుండా తొక్కేటట్టు హ్యాండిల్ ఎత్తు పెట్టుమని చెప్పిన. హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క, అదే స్టెమ్, పాత థ్రెడెడ్ రకంది ఇప్పుడు ఎవరూ వేయించుకుంటలేరని, అడాప్టర్ వేసి కొత్త రకం థ్రెడ్‌లెస్ స్టెమ్ బిగించిండు. మొత్తం 6,800 రూపాయలు ఫోన్‌పేలో కట్టిన. లెక్క తెల్లకాగితం మీద రాసిచ్చిండు, బిల్లు ఇయ్యలేదు. నెల తిరగకముందే ఫాతిమానగర్ బ్రిడ్జి దిగుతుంటే హ్యాండిల్ ఒక దిక్కు తిరిగింది, చక్రం మాత్రం అట్లనే ఉన్నది. పడితే కుడి మణికట్టు విరిగింది. షాపాయనను అడిగితే ‘కొత్త మోడల్ కావాలన్నది నువ్వే, బిల్లు లేదు, గ్యారంటీ లేదు’ అంటున్నడు. నాయన హ్యాండిల్, పాత స్టెమ్ పాతసామానుకు వేసిండట. పోలీస్ కేసు పెట్టాల్నా, కన్స్యూమర్ కోర్టుకు పోవాల్నా? మళ్లీ బాగు చేయిస్తే ఏ స్టెమ్ వేయించాలె? ఫోటోలు పంపుతున్న.

జవాబు: కేసు నిలుస్తుంది. వినియోగదారుల కమిషన్‌కే వెళ్లండి. అయితే మీ కోపమంతా ‘థ్రెడ్‌లెస్ ఎందుకు వేశాడు’ అన్న దాని మీదే ఉంది. ఫిర్యాదు కూడా దాని మీదే రాస్తే ఓడిపోతారు. ఎందుకో చెబుతాను.

పాత పద్ధతిలో ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే భాగం) గొట్టానికి పైన మరలు ఉంటాయి. హెడ్‌సెట్ (ఆ గొట్టం తిరిగే బేరింగుల అమరిక) నట్లు ఆ మరల మీద బిగుస్తాయి. స్టెమ్ ఆ గొట్టం లోపలికి దిగుతుంది. పైనుంచి పొడుగు బోల్టు తిప్పితే అడుగున ఉన్న చీలిక ముక్క పైకి లేచి గొట్టం గోడకు అదుముకుంటుంది. థ్రెడ్‌లెస్‌లో ఫోర్కు గొట్టానికి మరలు ఉండవు, స్టెమ్ దాన్ని బయటనుంచి పట్టుకుంటుంది. పట్టు అంతా స్టెమ్ పక్క బోల్టులదే. పై మూత బోల్టు బేరింగుల లూజు తీయడానికి మాత్రమే. మీ సైకిల్‌కు వేసిన అడాప్టర్ ఈ రెంటినీ కలిపే ముక్క. కింది సగం పాత స్టెమ్‌లా లోపలికి దిగుతుంది, పై సగం 28.6 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీలా కొత్త స్టెమ్‌ను మోస్తుంది. ఇది దొంగ సామాను కాదు, ఈ పనికోసమే తయారై అమ్ముడుపోయే వస్తువు. ‘అందరూ వేస్తారు’ అని షాపాయన కమిషన్‌లో చెబితే అది నిజమే అవుతుంది.

మీ కేసు బలం మీరు పంపిన మూడో ఫోటోలో ఉంది. హెడ్‌సెట్ నట్టుకు పైన, అడాప్టర్ ఒంటి మీద చిన్న చిన్న నిలువు గీతల వరుస ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. ‘కనీసం ఇంతవరకు లోపలికి దిగాలి’ అని చెప్పే గుర్తు అది. బిగించాక ఆ గీతలు కంటికి కనబడకూడదు. మీ సైకిల్‌కు అవి నట్టుకు రెండు వేళ్ల పైన ఉన్నాయి. మీరు ఎత్తు అడిగారని అడాప్టర్‌ను హద్దు దాటించి పైకి లాగాడు. చీలిక ముక్క లోతుగా దిగకుండా పైన మరలున్న చోటే అదుముకుంటే పట్టు సరిగా ఉండదు, గొట్టం కూడా అక్కడే విరిగే ప్రమాదం ఉంది.

ఇంకొకటి కూడా చూడాలి. ఒక అంగుళం ఫోర్కు గొట్టం లోపలి కొలత మామూలుగా 22.2 మిల్లీమీటర్ల స్టెమ్‌కు సరిపోయేలా ఉంటుంది. బజారులో 21.1 మిల్లీమీటర్లవీ దొరుకుతాయి. సన్నటిదాన్ని పెద్ద గొట్టంలో వేసి ఎంత బిగించినా నమ్మకంగా ఆగదు. వెర్నియర్ పెట్టి కొలిస్తే క్షణంలో తేలిపోతుంది. ఈ రెంటిలో ఏ ఒక్కటి రుజువైనా, ఏ రకం స్టెమ్ మంచిది అన్న వాదనతో మీకు పనే ఉండదు. ఫిర్యాదులో రాయాల్సింది ‘తప్పు స్టెమ్ వేశాడు’ అని కాదు, ‘వేసినదాన్ని తప్పుగా బిగించాడు’ అని.

అందుకే ఆ సైకిల్ మీద ఎవరినీ పానా పెట్టనివ్వకండి. బాగు చేయించడానికి తొందరపడొద్దు. ‘తెచ్చివ్వు, ఊరికే సరిచేసి ఇస్తా’ అని షాపాయన పిలిచినా ఇవ్వకండి. ఒక్కసారి విప్పితే గీతలు ఎక్కడున్నాయో చెప్పే సాక్ష్యం పోతుంది. పక్కన స్కేలు పెట్టి అన్ని వైపులా ఫోటోలు, వీడియో తీసి ఫోన్‌లోంచి తుడిచేయకుండా ఉంచండి. వస్తువులో లోపం పరీక్ష చేయకుండా తేలదనుకుంటే దాన్ని తగిన ప్రయోగశాలకు పంపే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది. ఫిర్యాదుతోపాటే అందుకు దరఖాస్తు పెట్టండి. షాపుతో సంబంధం లేని అనుభవమున్న మెకానిక్ ఒకరు చూసి, కొలిచి ప్రమాణపత్రం ఇస్తే ఇంకా మేలు.

‘నువ్వే అడిగావు’ అన్న మాటకు భయపడాల్సిన పని లేదు. కొనేవాడు తన అవసరం ఫలానా అని చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి తీసుకుంటే, ఆ వస్తువు ఆ అవసరానికి పనికివచ్చేదై ఉండాలని 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం 16వ సెక్షన్ అంటుంది. మీరు అడిగింది ఎత్తు. ఆ ఎత్తు ఏ ముక్కతో తేవాలో, ఎక్కడ ఆపాలో తెలియాల్సింది ఆయనకు. ‘ఈ ఫోర్కుకు ఇంతకంటే ఎత్తు రాదు’ అని చెప్పే బాధ్యతా ఆయనదే. మీరే అడాప్టర్ ఆన్‌లైన్‌లో కొని తెచ్చి ‘ఇదే వెయ్యి’ అని ఉంటే ఈ రక్షణ చాలావరకు పోయేది. మీ ఉత్తరం ప్రకారం సామాను ఆయనే తెచ్చాడు, ఆయనే ఎంచాడు. తెల్లకాగితం మీద అడాప్టర్ ధర విడిగా రాసి ఉంటే దాన్ని ప్రాణంలా దాచుకోండి.

బిల్లు లేకపోవడం మీ లోపం కాదు, ఆయన తప్పు. అమ్మిన వస్తువుకు, చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వాణిజ్య విధానమని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47)లో ఉంది. డబ్బు కట్టినట్టు ఫోన్‌పే రికార్డు చాలు. బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా జత చేయండి.

నష్టపరిహారాన్ని రెండు దారుల్లో అడగాలి. మజూరీ, సామాను డబ్బు, సైకిల్‌కు జరిగిన నష్టం ‘సేవాలోపం’ కింద. మీ చేయి, ఆసుపత్రి ఖర్చు, పోయిన జీతం, పడ్డ బాధ ‘ఉత్పత్తి బాధ్యత’ కింద కూడా. పని లోపంగా చేసినా, తగిన హెచ్చరిక ఇవ్వకపోయినా సేవ చేసినవాడు బాధ్యుడని అదే చట్టం 85వ సెక్షన్ చెబుతుంది. ఆ వస్తువుకే జరిగిన నష్టాన్ని ‘ఉత్పత్తి బాధ్యత’ లెక్కలోకి తీసుకోదు, అందుకే రెండూ రాయమంటున్నాను. ఇక్కడ మిమ్మల్ని ఒకటి సూటిగా అడగాలి. సైకిల్ ఇంటికొచ్చాక ఆ హ్యాండిల్‌ను మీరుగానీ ఇంకెవరైనాగానీ పైకి లేపారా? వస్తువును మార్చినా, తప్పుగా వాడినా అమ్మినవాడి మీద ఉత్పత్తి బాధ్యత దావా నడవదని 87వ సెక్షన్ ఉంది. షాపాయన వకీలు మొదట పట్టుకునేది దాన్నే. లేపి ఉంటే మీ వకీలుకు ముందే చెప్పండి.

ఆసుపత్రి కాగితాలు ఒకసారి తీసి చదవండి. ‘సైకిల్ మీంచి పడ్డాడు’ అని మాత్రమే ఉంటే కంగారు పడకండి, కానీ హ్యాండిల్ తిరిగిపోవడం చూసినవాళ్లు, మిమ్మల్ని లేపినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల ప్రమాణపత్రం తీసుకోండి.

పోలీస్ కేసు సంగతి. నిర్లక్ష్యంతో ఎదుటివాడి ప్రాణానికో భద్రతకో ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ ఉంది, ఎముక విరగడం తీవ్ర గాయమే. కానీ క్రిమినల్ కేసులో నిర్లక్ష్యాన్ని రుజువు చేయడం చాలా కష్టం, అది నడిచినన్నాళ్లూ మీ చేతికి రూపాయి రాదు. నేనైతే వద్దంటాను.

నాయన హ్యాండిల్ గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, చట్టం దాన్ని అంత తేలిగ్గా వదలదు. బాగుచేయమని ఇచ్చిన సైకిల్ షాపులో ఉన్నంతకాలం అది బెయిల్‌మెంట్, అంటే ఒక పనికోసం వస్తువును ఇంకొకరి చేతికి అప్పగించడం. 1872 కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం ఆయన దాన్ని తన సొంత వస్తువులా చూసుకోవాలి, 160 ప్రకారం పని అయ్యాక తిరిగివ్వాలి. విప్పిన పాత సామాను కూడా మీదే. అడగకుండా పాతసామానుకు వేసే హక్కు ఆయనకు లేదు. తూకానికి వచ్చిన ధర కొద్దిదే కావచ్చు, అయినా దీన్ని ఫిర్యాదులో విడి పేరాగా రాయండి. పోయింది మీ నాయన చేతులు పట్టిన వస్తువు.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజులు గడువు ఇవ్వండి. తర్వాత జిల్లా కమిషన్‌లో నేరుగాగానీ, ఈ-జాగృతి పోర్టల్‌లోగానీ దాఖలు చేయండి. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. గడువు రెండేళ్లు, కానీ చేయి నయమయ్యేదాకా ఆగకండి. రాజీకి పిలిస్తే వెళ్లండి, ఒప్పుకున్నది మాత్రం కమిషన్ ముందే రాయించుకోండి.

ఇక ఏ స్టెమ్ అన్న మాట. కేసులో పరీక్ష అయ్యాకే ముట్టుకోండి. మీది ఒక అంగుళం థ్రెడెడ్ ఫోర్కు, మంచి స్థితిలో ఉంటే పొడుగు మెడ ఉన్న 22.2 థ్రెడెడ్ స్టెమ్ వేయించండి. మీకు కావాల్సిన ఎత్తు గీతలు దాటకుండానే రావచ్చు, నడుము నొప్పిని బట్టి ఒక్క బోల్టు వదులు చేసి సర్దుకోవచ్చు. పూర్తిగా థ్రెడ్‌లెస్‌కు మారాలంటే ఫోర్కు, హెడ్‌సెట్ రెండూ మార్చాలి. ఇప్పుడు ఎక్కువగా దొరికే అంగుళం మీద ఎనిమిదో వంతు లావు ఫోర్కులు, అంటే 28.6 మిల్లీమీటర్ల గొట్టానివి, మీ ఫ్రేములో పట్టవు. గొట్టం ఒకసారి పొట్టిగా కోస్తే మళ్లీ ఎత్తు పెరగదు. ఇప్పుడున్న ఫోర్కు మరల మీద థ్రెడ్‌లెస్ స్టెమ్ బిగిస్తానని ఎవరన్నా అంటే సైకిల్ తీసుకొని వచ్చేయండి. ఏది వేయించినా స్టెమ్ రకం, కొలత, ఎవరు తెచ్చిన సామాను, పాత సామాను తిరిగి ఇచ్చారా లేదా అన్న నాలుగు సంగతులు షాపు పేరున్న బిల్లు మీద రాయించి, తేదీ వేయించుకున్నాకే డబ్బు కట్టండి.