మీ ప్రశ్నలు – మా జవాబులు: గ్రంథుల సంగతి

ప్రశ్న: క్లోమాన్ని ఒక పుస్తకంలో నాళగ్రంథి అన్నారు, ఇంకో పుస్తకంలో వినాళగ్రంథి అన్నారు. ఏది సరైనది? – ఒక విద్యార్థిని

జవాబు: రెండూ సగం సగం చెప్పాయి. మీరు మిశ్రమగ్రంథి అని రాయండి.

తయారైన స్రావం ఒక గొట్టం గుండా చర్మం మీదికో, జీర్ణనాళంలోకో చేరితే అది నాళగ్రంథి. లాలాజల, స్వేద, క్షీర గ్రంథులు ఈ కోవలోవి. గొట్టం లేకుండా నేరుగా రక్తంలో కలిస్తే వినాళగ్రంథి. పీయూష (పిట్యుటరీ), అవటు (థైరాయిడ్), అధివృక్క (అడ్రినల్) గ్రంథులు ఇలాంటివే. వీటి స్రావాలను హార్మోన్లంటాం. ఆ మాటను 1905లో ఇంగ్లండుకు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చాడు.

క్లోమంలో ఈ రెండు ఏర్పాట్లూ ఉన్నాయి. దానిలో అధికభాగం జీర్ణరసం తయారుచేసే కణజాలమే. ఆ రసం నాళం గుండా ఆంత్రమూలంలోకి, అంటే చిన్నపేగు మొదటి భాగంలోకి వెళుతుంది. ఈ కణజాలం మధ్య అక్కడక్కడా లాంగర్‌హాన్స్ పుటికలనే చిన్న కణాల గుంపులు ఉంటాయి. మొత్తం క్లోమంలో ఇవి నూటికి ఒకటి రెండు వంతులే, కానీ ఇన్సులిన్ వచ్చేది వీటి నుంచే.

ఇది పరీక్ష కోసం మాత్రమే గుర్తుపెట్టుకునే తేడా కాదు. ఈ రెండు భాగాలూ వేర్వేరుగా చెడిపోతాయి. టైప్-1 మధుమేహంలో పుటికల్లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు నశిస్తాయి, జీర్ణరసం మాత్రం వస్తూనే ఉంటుంది. పిత్తాశయం నుంచి జారిన రాయి నాళం చివర అడ్డుపడితే దెబ్బ జీర్ణరసం తయారుచేసే భాగానికి తగులుతుంది. ఆ రసంలో మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్ మామూలుగా పని చేయని రూపంలో, ట్రిప్సినోజెన్‌గా బయలుదేరి, పేగులోకి వచ్చాకే చురుకవుతుంది. దారి మూసుకుపోతే క్లోమంలోనే చురుకై, తనను తయారుచేసిన కణజాలాన్నే అరిగించడం మొదలుపెడుతుంది. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడిచే తీవ్రమైన నొప్పి అందుకే వస్తుంది. అది ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లవలసిన నొప్పి.

ప్రశ్న: చెమట, నూనె రెండూ చర్మం నుంచే వస్తాయి కదా! మొటిమలు నూనె గ్రంథులకే ఎందుకు?

జవాబు: రెండూ స్రవించే తీరు వేరు. స్వేదగ్రంథి కణం తనలోని ద్రవాన్ని బయటికి పంపి, తాను చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇది మీరోక్రైన్ పద్ధతి. నూనె గ్రంథి కణం అలా కాదు. కొవ్వుతో నిండిపోయి, చివరికి పగిలి, తానే స్రావమైపోతుంది. దీన్ని హోలోక్రైన్ అంటారు. అంటే ఆ జిడ్డులో చచ్చిన కణాల ముక్కలు కూడా ఉంటాయి. పైగా నూనె గ్రంథుల్లో ఎక్కువభాగం వెంట్రుక కుదురులోకి తెరుచుకుంటాయి. ఆ ఇరుకు దారిలో చర్మపు పొట్టు, జిడ్డు కలిసి బిరడాలా బిగుసుకుంటే వెనక సరుకు పేరుకుంటుంది, అక్కడ బాక్టీరియా పెరుగుతుంది. యుక్తవయసులో ఆండ్రోజెన్లనే హార్మోన్ల ప్రభావంతో ఈ గ్రంథులు పెద్దవై ఎక్కువ నూనె తీస్తాయి కాబట్టి బెడద అప్పుడే ఎక్కువ. అరచేతుల్లో, అరికాళ్లలో నూనె గ్రంథులే లేవు, మొటిమలూ రావు.

గిల్లవద్దనడానికి కారణం ఉంది. నొక్కినప్పుడు సరుకంతా పైకే రాదు. కుదురు గోడ చిట్లి కొంత లోపలి చర్మంలోకి పోతుంది. వాపు పెరిగేదీ, మచ్చ మిగిలేదీ అందువల్లే.

ప్రశ్న: జ్వరమొచ్చినప్పుడు మెడలో బిళ్ళలు కడతాయి. అవీ గ్రంథులేనా?

జవాబు: వాడుకలో లింఫ్ గ్రంథులంటాం గానీ, అవి గ్రంథులు కావు. ఏ రసాన్నీ తయారుచేసి పంపవు. లింఫు ద్రవాన్ని వడపోసి, సూక్ష్మజీవులతో పోరాడే కణాలను పెంచే కణుపులు అవి. ఇన్ఫెక్షన్ తగ్గాక బిళ్ళ కూడా మెల్లగా తగ్గాలి. రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోయినా, నొప్పి లేకుండా గట్టిగా, కదలకుండా ఉన్నా, మెడ కింద భుజం వైపు ఉండే కాలర్ ఎముకకు పైన గుంటలో కనిపించినా వైద్యుడికి చూపించండి.

ప్రశ్న: తెల్లవారుజామున కుండీలోని టమాటా ఆకుల అంచున నీటిబొట్లు వరసగా కనిపిస్తున్నాయి. ఎండాక తెల్లటి మరక పడుతోంది. తెగులా?

జవాబు: తెగులు కాదు, మంచు కూడా కాదు. ఇది బిందుస్రావం. మంచయితే ఆకంతా తడుస్తుంది, పక్కనున్న కుండీ అంచూ తడుస్తుంది. బిందుస్రావంలో ఈనెలు ముగిసే చోట మాత్రమే, అంచున లేదా కొసన, బొట్లు నిలుస్తాయి. అనుమానం తీరాలంటే సాయంత్రం బాగా నీరు పోసి కుండీని పైకప్పు కింద పెట్టండి. పొద్దున బొట్లు మళ్లీ కనిపిస్తే అవి మొక్క లోపలి నుంచి వచ్చినవే. (ఒక్కసారికే సుమా, ఎందుకో కింద చెబుతున్నాం.)

రాత్రి పత్రరంధ్రాలు మూసుకుని ఉంటాయి. గాలిలో తేమ ఎక్కువై, మట్టి తడిగా ఉంటే వేర్ల ఒత్తిడి నీటిని పైకి నెడుతూనే ఉంటుంది. ఆ నీరు హైడథోడ్లనే జలరంధ్రాల గుండా బయటపడుతుంది. చాలా పుస్తకాలు వీటిని గ్రంథుల జాబితాలో చేరుస్తాయి. మా దృష్టిలో టమాటాలో ఉన్నలాంటివి గ్రంథుల కంటే పొంగిపోయే నీటికి తూములు. ఇక్కడ కణాలు కొత్తగా తయారుచేసేదేమీ లేదు.

తెల్లమరక ఆ నీటిలో కరిగిన లవణాలది. ఎరువు ఎక్కువ వేస్తే లవణాలు అంచున పేరుకుని ఆకు కొసలు మాడతాయి. అసలు ప్రమాదం మరొకటి. ఇదే రంధ్రం గుండా బాక్టీరియా లోపలికి దూరగలదు. క్యాబేజీలో నల్ల కుళ్ళు ఇలాగే మొదలై, ఆకు అంచు నుంచి లోపలికి వి ఆకారంలో పసుపు మచ్చ పాకుతుంది. అందుకని నీళ్లు ఉదయం పోయండి. సాయంత్రం మట్టి చిత్తడిగా ఉండనివ్వకండి.

ప్రశ్న: ఆముదం ఆకు కాడల మీద చీమలు చేరుతున్నాయి. మందు కొట్టాలా?

జవాబు: ముందు చీమలు ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. కాడ ఆకును కలిసే చోట ఆవగింజంత బుడిపెలు ఉంటాయి. అవి మకరంద గ్రంథులు. పువ్వుకు సంబంధం లేకుండా తియ్యటి రసం ఊరుస్తాయి. పత్తిలో ఆకు అడుగున నడిమి ఈనె మీద ఉంటాయి. ఆ తీపికి వచ్చిన చీమలు గొంగళిపురుగుల్ని తరుముతాయి కాబట్టి మందు అక్కర్లేదు.

జిగురు కింది ఆకుల పైభాగాన పడి, దాని మీద నల్లటి మసి కడుతుంటే కథ వేరు. అది గ్రంథుల రసం కాదు, పేనుబంక అనే రసం పీల్చే చిన్న పురుగుల విసర్జన. లేత చిగుళ్లు, ఆకుల అడుగుభాగం తిరగేసి చూడండి. పేనుబంక కనిపిస్తే నీటిని గట్టిగా చిమ్మి కడిగేయండి. అప్పుడు చీమలు కాపలా కాసేది మొక్కకు కాదు, పురుగుకు.

ప్రశ్న: ఆకుల్లో నూనె గ్రంథుల్ని మైక్రోస్కోపు లేకుండా చూడొచ్చా?

జవాబు: చూడొచ్చు. ముదురు నిమ్మ ఆకును తడిగుడ్డతో తుడిచి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకోండి, సూర్యుడికేసి మాత్రం వద్దు. సూదిమొనంత పారదర్శక చుక్కలు ఆకంతా సమానంగా కనిపిస్తాయి. ఒక్కో చుక్కా నూనె నిండిన చిన్న గది. వెలుగు సూటిగా దూసుకొస్తే అది పురుగు చేసిన రంధ్రం. చుక్కలు ఒకచోట గుంపుగా, పాలిపోయి ఉంటే నల్లి అనే అతిచిన్న తెగులు పురుగు రసం పీల్చిన గుర్తులు.

తులసిలో గ్రంథులు లోపల కాదు, పైన ఉంటాయి. పది రెట్లు పెద్దది చేసే భూతద్దంతో ఆకు అడుగుభాగం చూస్తే మామూలు నూగు మధ్య మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అందుకే తులసిని చేత్తో నిమిరితే చాలు వాసన వస్తుంది, నిమ్మ ఆకును నలపాలి.